మూడో గడి

తెనాలిలో మా పిన్ని దగ్గర ఒక లాంగు నోటుబుక్కు ఉంది. 200 పేజీలు, అట్టకు పాత క్యాలెండరు కాగితం తొడుగు, మధ్యలో దారం వదులైతే మళ్లీ జాకెట్లు కుట్టే దారంతోనే వేసిన కుట్లు. చూసినవాళ్లు పాల లెక్కో చాకలి పద్దో అనుకుంటారు. ఆవిడ మామగారి ఆపరేషను, ఆ మరుసటి ఏడు ఇల్లు మారినప్పటి అడ్వాన్సు కలిసి నెత్తిన పడ్డ 2,45,000 రూపాయల అప్పు ఈ పుస్తకం మీదుగానే కరుగుతూ వచ్చింది. అప్పు తీర్చినవాళ్లు చాలామందే ఉంటారు. తీర్చే ఆ రెండు మూడేళ్లూ విసుగెత్తకుండా, మధ్యలో చేతులెత్తేయకుండా ఎలా నడిపారన్నదే నాకు ఆసక్తి. పిన్నిని అడిగితే “ఓపిక” అని ఊరుకుంది. పుస్తకం తిరగేస్తే మాత్రం ఆవిడ ఓపికను నమ్ముకున్నట్టు ఎక్కడా కనపడదు. ఓపిక అయిపోయిన రోజున కూడా పని ఆగకుండా పేజీలు గీసిపెట్టుకుంది.

పిన్ని వాళ్ల నాన్న, అంటే మా తాతయ్య, ఒక హోల్‌సేల్ కొట్టులో గుమస్తా. కొట్లలో లెక్క రెండు పుస్తకాల్లో నడుస్తుంది. ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాసేది చిట్టా. అదే లెక్కను మనిషివారీగా, ఖాతావారీగా విడదీసి రాసేది ఆవర్జా. పిన్ని ఈ రెంటినీ ఒకే పుస్తకంలో ఇమిడ్చింది. ముందునుంచి తెరిస్తే చిట్టా, తిరగేసి వెనకనుంచి తెరిస్తే ఆవర్జా. రోజు ఖర్చు ముందునుంచి వస్తుంది, అప్పులు వెనకనుంచి వస్తాయి. రెండూ మధ్యలో ఎక్కడో కలుసుకోవాలి.

ముందు చిట్టా సంగతి. మామూలుగా ఇంటి లెక్కకు రెండు గడులుంటాయి, జమ, ఖర్చు. పిన్ని పేజీలో మూడున్నాయి. మూడోదాని పేరు “ఆగింది”. చేయబోయి మానుకున్న ఖర్చు అందులోకి వెళ్తుంది. బజారు నుంచి ఆటోలో రావలసింది బస్సులో వచ్చింది, ఆగింది 40. కొడుకు టిఫిను బయట తినకుండా ఇంట్లో దోశ వేయించుకున్నాడు, ఆగింది 50. పక్కింట్లో చీరల మూట దిగితే చూసి మెచ్చుకుని వచ్చేసింది, ఆగింది 850. ఈ చివరిదాన్ని మళ్లీ కొట్టేసి పక్కన “కొనేదాన్ని కాదులే” అని రాసుకుంది. నిజంగా కొనబోయినదే ఆ గడిలోకి రావాలన్న నియమం అక్కడ తెలుస్తుంది.

పుస్తకమంతటికీ ఈ గడే గుండె అని నా అభిప్రాయం. పొదుపులో ఉన్న చిక్కేమిటంటే అది కంటికి కనపడదు. ఖర్చు చేస్తే చేతిలో వస్తువుంటుంది. ఖర్చు మానేస్తే ఏమీ ఉండదు. పొద్దున ఆటో ఎక్కకుండా మిగిల్చిన 40 రూపాయలు సాయంత్రానికి పర్సులో మిగతా నోట్లతో కలిసిపోయి, మర్నాడు పూలకో పెరుగుకో వెళ్లిపోతాయి. నెలాఖరున చూస్తే కష్టం గుర్తుంటుంది, డబ్బు ఉండదు. నెలల తరబడి ఇలా జరిగితే ఎంత గట్టి మనిషైనా “ఇంత కట్టడి చేసీ ఏం మిగిలింది” అని వదిలేస్తాడు. మూడో గడిలో అంకె పడగానే పిన్ని ఆ మొత్తాన్ని పర్సులోంచి తీసి పోపుల డబ్బా కింద ఉండే రెండో డబ్బాలో వేస్తుంది. ఆదివారం డబ్బా బోర్లించి లెక్కపెట్టి, ఆ వారం “ఆగింది” గడి మొత్తంతో సరిచూసి, మర్నాడు విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలో వేసేస్తుంది. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోలేదు. మానుకున్న ప్రతి ఖర్చుకూ ఒక తేదీ, ఒక అంకె, కొన్ని నోట్లు సాక్ష్యంగా మిగులుతాయి. నెలకు ఈ గడిలోంచి వచ్చేది 1,500 నుంచి 1,800 దాకా ఉంటుంది. పెద్ద మొత్తం కాదు. కానీ మిగతా సంపాదనంతా ఇంటికి వచ్చినది, ఇది ఆవిడ ఇంట్లోనే పుట్టించినది.

చిట్టాలో ఇంకో పద్దు ఉంది, చూడగానే నవ్వొచ్చింది, ఆలోచిస్తే నవ్వు పోయింది. “గుర్తులేదు 35.” “గుర్తులేదు 20.” నాలుగైదు రోజులకొకటి కనిపిస్తుంది. కొట్టు గుమస్తాకు ఇది మహాపాపం. అణా తేడా వచ్చినా రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని పట్టుకోవాల్సిందే. తాతయ్య అలా కూర్చునేవాడని పిన్నే చెప్పింది. కొట్టులో తేడా వస్తే ఉద్యోగం పోతుంది. ఇంట్లో తేడా వెతుక్కుంటూ కూర్చుంటే పోయేది పుస్తకం. నలభై రూపాయలు ఎటు పోయాయో తేలక ఒక రాత్రి విసుగొస్తుంది, రెండో రాత్రి రాయబుద్ధి కాదు, వారం తిరిగేసరికి పుస్తకం అటకెక్కుతుంది. వడ్రంగి తలుపును ద్వారబంధానికి అతికినట్టు చేయడు. వానాకాలం చెక్క ఉబ్బుతుందని తెలిసి కాస్త సందు వదులుతాడు. “గుర్తులేదు” అలాంటి సందు. దానికీ హద్దుంది. నెలలో 200 దాటితే ఆ పై నెల సినిమా పద్దులోంచి కోత.

అవును, సినిమా పద్దు కూడా ఉంది, 300. బాబాయి టీ ఖర్చు రోజుకు 20. ఆ కోత తప్ప ఇవి తగ్గించిన దాఖలా ఎక్కడా లేదు. కోస్తే బయట అప్పు చేసి మరీ తాగుతాడని పిన్నికి తెలుసు.

చిట్టా చివర నాలుగు పేజీలు “ఏడాది పద్దు”. నా అనుభవంలో ఇళ్లను అప్పుల్లోకి తోసేవి రోజువారీ ఖర్చులు తక్కువ, ఏడాదికోసారి ఊడిపడేవి ఎక్కువ. జూన్‌లో బడి ఫీజు వస్తుందని జనవరిలోనూ తెలుసు, అయినా జూన్‌లో అందరూ ఆశ్చర్యపోతారు. పిన్ని వాటన్నిటినీ ఒకచోట చేర్చింది. ఫీజులు, పుస్తకాలు 18,000. సంక్రాంతి బట్టలు, పిండివంటలు 6,000. శివరాత్రి ముందూ వెనకా కొనే కొత్త చింతపండు, వేసవిలో మిరపకాయలు, కందిపప్పు, ఆవకాయ సరుకు కలిపి 7,200. బండి ఇన్సూరెన్సు, సర్వీసు 2,400. పెళ్లిళ్ల చదివింపులు 2,400. మొత్తం 36,000, పన్నెండుతో భాగిస్తే నెలకు 3,000. ఆ మూడువేలు ఒకటో తారీఖునే పక్కకు వెళ్తాయి. చదివింపులకు ఇంకో చిన్న ఏర్పాటుంది. తమ ఇంటి శుభకార్యాలకు ఎవరెంత చదివించారో రాసిన పాత పుస్తకం చూసి, ఆ ఏడు ఎవరింట్లో పెళ్లీడు పిల్లలున్నారో అంచనా వేసి ఆ అంకె కట్టింది. తెలుగిళ్లలో ఈ చదివింపుల పుస్తకాలు చాలా చోట్ల ఉంటాయి. ముందుచూపు లెక్కకు పనికొస్తాయని నేను అప్పుడే తెలుసుకున్నాను.

ఇప్పుడు పుస్తకం తిరగేద్దాం. ఆవర్జా మొదటి పేజీలో అప్పులు వరసగా ఉన్నాయి. కిరాణా కొట్టు ఖాతా 9,000. దగ్గరివాళ్ల చేబదులు 20,000. ప్రామిసరీ నోటు 1,00,000. హారం తాకట్టు మీద బ్యాంకు లోను 80,000. డ్వాక్రా సంఘంలో మిగిలిన బాకీ 36,000. వీటి పక్కన ఒక గడి గీసి పైన “నెలకు తినేది” అని రాసింది. కిరాణా ఖాతా సున్నా, చేబదులు సున్నా, నోటు 2,000, హారం 600. అప్పును దాని సైజుతో కాకుండా ఆకలితో కొలవడం ఈ గడితో మొదలైంది.

మన వడ్డీ భాష ఈ కొలతకు బాగా అనుకూలం. నూటికి నెలకు ఎన్ని రూపాయలు అన్నదే మన లెక్క. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రూపాయి వడ్డీ 12, ముప్పావలా 9, పావలా 3. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘాలకు తెచ్చిన పథకానికి పావలా వడ్డీ అనే పేరు పెట్టింది కూడా జనం నోట్లో ఉన్న ఈ లెక్కతోనే. ఏడాది శాతాలు చెప్తే పిన్ని వేళ్లు ఆగుతాయి. నూటికి నెలకు అంటే నోటితోనే చెప్పేస్తుంది.

ఆ గడి చూసుకున్నాక ఆవిడ వేసిన మొదటి ఎత్తు ఇది. చేతి గాజులు రెండు మిగిలి ఉన్నాయి. బంగారం విలువలో 75 శాతం దాకా అప్పిచ్చేవారు అప్పట్లో. గాజుల మీద బ్యాంకులో ముప్పావలా వడ్డీకి 60,000 తెచ్చి, తెచ్చిన రోజునే నోటు మీద కట్టేసింది. నోటు 40,000కు దిగింది. మొత్తం అప్పు అదే 2,45,000, పైసా తగ్గలేదు. కానీ 60,000కు రెండు రూపాయల లెక్కన నెలకు పోయే 1,200 స్థానంలో ఇప్పుడు పోయేది 450. నెలకు 750 రూపాయలు ఏ పొదుపూ చేయకుండానే ఒక్క మధ్యాహ్నంలో పుట్టాయి. పిల్లల నోరు కట్టి 750 మిగల్చాలంటే ఎన్ని దోశలు ఆపాలో చిట్టా తిరగేస్తే తెలుస్తుంది.

దీనిలో ఇంకా సున్నితమైన పనితనం ఒకటుంది. రెండు గాజులూ కలిపి ఒకే లోను తీసుకోలేదు. గాజుకొక లోను, చెరి 30,000. అప్రైజరు ఫీజు రెండుసార్లు కట్టాల్సి వచ్చింది, కట్టింది. నగలన్నీ ఒకే లోను కింద పెడితే మామూలుగా చివరి రూపాయి కట్టేదాకా ఏదీ చేతికి రాదు. విడిగా పెడితే 30,000 కట్టగానే ఒక గాజు ఇంటికొస్తుంది, నెలకు 225 వడ్డీ ఆగిపోతుంది. అరవై వేల ఎత్తును రెండు మెట్లుగా కోసుకోవడానికి ఆవిడ ఇచ్చిన కూలి ఆ రెండో ఫీజు.

నోటు మీద కట్టిన ప్రతిసారీ ఏం చేసిందో కూడా ఆవర్జాలో ఉంది. అప్పిచ్చినవాళ్ల దగ్గరుండే నోటు వెనక తేదీ, అంకె వేసి చెల్లు రాయించడం, కింద బాబాయి సంతకం పెట్టడం, దాన్ని ఫోనులో ఫొటో తీసుకోవడం, ఇంటికొచ్చి అవే మాటలు పుస్తకంలో ఎక్కించడం. ఈ చెల్లు రెండు వైపులా పనిచేస్తుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రామిసరీ నోటు మీద దావాకు గడువు మూడేళ్లు. ఆ గడువులోగా కొంత కట్టి, కట్టినవాళ్లు చేతిరాతతోనో సంతకంతోనో ఒప్పుకుంటే ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. అందుకే అప్పిచ్చినవాళ్లు చెల్లు రాయడానికి పేచీ పెట్టరు. వాళ్లకు గడువు పెరుగుతుంది, మనకు కట్టినట్టు రుజువు దొరుకుతుంది. నోటిమాట మీద కట్టి, తర్వాత “ఏదీ, ఎప్పుడిచ్చావు” అనిపించుకున్న కుటుంబాలను పిన్ని చిన్నప్పుడే కొట్టు అరుగు మీద చూసిందట.

ఆ తర్వాత వరస మీద నాకూ ఆవిడకూ వాదన జరిగింది. నోటు 40,000 నెలకు 800 తింటూ ఉండగా, వడ్డీలేని కిరాణా ఖాతా 9,000 ముందు తీర్చింది. నోటుకూ ఖాతాకూ కలిపి నెలకు 5,300 తీసిపెడుతోంది. 800 వడ్డీ పోగా 4,500 మిగులు, రెండు నెలల్లో ఖాతా మూసేసింది. ఆ రెండు నెలలూ నోటు అసలు కదల్లేదు కాబట్టి అదనంగా పోయిన వడ్డీ 1,600. “లెక్క ప్రకారం తప్పు కదా పిన్నీ” అన్నాను. పేజీ అంచున వేలు పెట్టి చూపించింది. అక్కడ ముందే రాసి ఉంది: “1,600, ధైర్యం ఖరీదు”.

“అయిదు చోట్ల బాకీ ఉన్న ఇల్లు వేరురా, నాలుగు చోట్ల ఉన్న ఇల్లు వేరు. పొద్దున్నే ఆ కొట్టు ముందునుంచి తల దించుకుని వెళ్లక్కర్లేదు, దానికి ఎంతిస్తావు?” అంది.

ఇచ్చిన ధర సరైనదేనని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. దానికి తోడు ఖాతా మూసేశాక ఆ కొట్టుకు కట్టుబడి ఉండాల్సిన పని లేకపోయింది. అరువున కొనేవాళ్లు ధర అడగలేరు. నగదుతో వెళ్లి పాతిక కిలోల బియ్యం బస్తా బేరమాడి కొన్న పద్దు ఆ మూడో నెల చిట్టాలోనే ఉంది.

ఇక నోటు. నాలుగు వేలు, అయిదు వేలు చొప్పున అసలు కింద ఇస్తామంటే అప్పిచ్చినవాళ్లు ఒప్పుకోలేదు. పదివేలకు తగ్గితే తీసుకోమన్నారు. చాలా చోట్ల ఇదే తీరు. చిల్లరగా తిరిగొచ్చిన డబ్బును వాళ్లు మళ్లీ వడ్డీకి తిప్పుకోలేరు. దాంతో కట్టే రోజుకూ కట్టే రోజుకూ మధ్య రెండు మూడు నెలల ఎడం వస్తుంది. ఆ ఎడంలోనే పట్టు జారుతుంది. చేతిలో ఎనిమిది వేలు పోగయ్యాక ఏదో అవసరం గుర్తొస్తుంది.

దీనికి పిన్ని ముగ్గు వేసింది. నిజంగానే ఆవర్జాలో ఒక పేజీ నిండా, ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు. వరసలు 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37 చుక్కలు. ఒక్కో చుక్క వెయ్యి. నలభైకి మూడు తక్కువైతే పక్కన మూలలో మూడు చుక్కలు విడిగా పెట్టింది. పోగైన ప్రతి వెయ్యికీ ఒక చుక్కను పెన్సిలుతో నింపుతుంది. పదివేలూ కట్టి, నోటు వెనక చెల్లు పడ్డాకే ఆ పది చుక్కలనూ కలుపుతూ ఇంకుపెన్నుతో గీత లాగుతుంది. చుక్క అంటే కూడబెట్టింది, గీత అంటే కట్టింది. రెండు పనులకూ రెండు గుర్తులు, చెరిపేందుకు వీలున్నదొకటి, వీలులేనిదొకటి. ఒకచోట నింపిన రెండు చుక్కలు రబ్బరుతో చెరిపి ఉన్నాయి, పక్కన “జ్వరం, మందులు” అని ఉంది. డబ్బు తీసుకున్నందుకు శిక్షేమీ లేదు, ఖాళీ చుక్క కనపడుతూ ఉంటుంది, అంతే.

గడులు గీసుకుని టిక్కులు పెట్టుకుంటే సరిపోదా అనుకోవచ్చు. సగం నిండిన గడుల పేజీ ఒక ఫారంలా ఉంటుంది, దాన్ని చూసి ఎవరికీ ఏమీ అనిపించదు. ధనుర్మాసం చలిలో వాకిట్లో వంగి ముగ్గులేసిన కంటికి సగం కలిపిన ముగ్గు తప్పులా కనిపిస్తుంది, చెయ్యి ఊరుకోదు. ఆ కన్నూ చెయ్యీ పిన్నికి చిన్నప్పటినుంచే తయారై ఉన్నాయి. ఆవిడ వాటికి కొత్త పని అప్పజెప్పింది.

ముగ్గు కింద ఒక చిన్న లెక్క నడుస్తుంది. పదివేలు కట్టిన ప్రతిసారీ నెలవడ్డీ 200 తగ్గుతుంది. 800 ఉన్నది 600, తర్వాత 400, తర్వాత 200. కానీ తీసిపెట్టే మొత్తం మాత్రం 5,300 నుంచి కదలదు. అంటే వడ్డీలో తగ్గినదంతా అసలు వైపుకు జరుగుతుంది. మొదటి పదివేలు పోగవడానికి మూడు నెలలు పట్టింది. ఆపైన రెండేసి నెలలకొకటి. సంపాదన పెరగలేదు, కట్టడి పెరగలేదు, వేగం పెరిగింది. తొమ్మిదో నెలలో నోటు తీరి, 2,900 చేతిలో మిగిలింది. నోటు వెనక్కి తీసుకుని, దానిమీద పూర్తి చెల్లు రాయించి, పుస్తకంలో ఆ పేజీకే అంటించింది.

చేబదులుకు ఆ 2,900 కలుపుకుని నాలుగు నెలలు పట్టింది, పదివేల చొప్పున రెండుసార్లు. వడ్డీ తీసుకోని మనుషులకు చివరి వాయిదాతో పాటు ఒక చీర పెట్టింది. ఆ చీర ఖర్చు గడిలోనే ఉంది.

డ్వాక్రా అప్పును మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు, ముందుగా కట్టలేదు, ఒక్క రోజు ఆలస్యమూ చేయలేదు. 1982లో వచ్చిన ఆ కేంద్ర పథకం 1999లో వేరేదానిలో కలిసిపోయినా పేరు మన ఊళ్లలో అలాగే నిలిచిపోయింది. సంఘం వాయిదా తప్పకుండా కడితే వడ్డీ రాయితీ వస్తుంది. ముందే కడితే కొత్తగా కలిసొచ్చేదేమీ లేదు, ఆలస్యమైతే రాయితీ పోవడమే కాక తోటి సభ్యుల ముందు తలవంపులు. నెలకు 2,000 చొప్పున పద్దెనిమిది వాయిదాలు దానంతటదే నడిచింది. అది తీరగానే ఆ రెండువేలు 5,300కు జత చేసి 7,300 చేసింది. ఒక్క నెల కూడా ఆ డబ్బును ఇంటి ఖర్చు రుచి చూడనివ్వలేదు.

గాజులకు ముగ్గు వేయలేదు. ముప్పై గంట్లున్న రెండు వలయాలు గీసింది. బాబాయి పళ్లెం బోర్లించి గీశాడట, అందుకే రెండూ సమంగా ఉన్నాయి.

ఇంత మెచ్చుకున్నాక ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. రాత్రిళ్లు పిన్ని కుట్టిన జాకెట్లు జమ గడిలో కూలి డబ్బుగా మాత్రమే ఉన్నాయి. ఆ గంటలు ఏ గడిలోనూ లేవు. ఆ 5,300లో పెద్ద భాగం కుట్టు మిషను మీదనుంచే వచ్చింది. కళ్లజోడు కొన్నప్పుడు దాన్ని ఇంటి ఖర్చు కింద వేస్తే, నేను పట్టుబట్టి కుట్టుపని ఖర్చు కిందకు మార్పించాను. ఆవిడకు అది అనవసరమైన పట్టింపుగా తోచింది. నాకు ఇప్పటికీ తోచడం లేదు.

ఇప్పుడు మిగిలింది హారం, 80,000. చవక వడ్డీ కాబట్టి చివరికి ఉంచింది. దాని పేజీ చూపించినప్పుడు నేను చుక్కలు లెక్కపెట్టాను. ఒకటి తొమ్మిది చుక్కలు, సందు చుక్క, అయిదు వరకు. రెండోది అయిదు చుక్కలు, సందు చుక్క, మూడు వరకు. మొదటిదానిలో 61, రెండోదానిలో 19. ఈసారి మూలలో విడి చుక్కలు పెట్టాల్సిన పనిలేకుండా అంకె కుదిరే ముగ్గుల కోసం వెతికి మరీ వేసింది. బ్యాంకు ఎప్పుడు ఎంత కట్టినా జమ చేసుకుంటుంది కాబట్టి ఇక్కడ చుక్కకూ గీతకూ మధ్య ఎడం లేదు, నింపిన వారంలోనే కలుపుతుంది. చిన్న ముగ్గు ముందు పూర్తి చేసింది. పెద్దదానిలో కింది రెండు వరసలు అయ్యాయి, మూడోది నడుస్తోంది.